బొమ్మలో దాగినదేది, పోయినదేది: లేయర్లు, రిజల్యూషన్, కలర్ మోడ్ చిక్కుల విశ్లేషణ

డిజిటల్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌తో పనిచేసేవారి చేతిని ఆపేసే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మూడు చోట్ల పుడతాయి. పారదర్శక కాగితాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చే లేయర్లు ఒకటి, బొమ్మలో ఎన్ని పిక్సెళ్లు, అంటే ఎన్ని రంగు చుక్కలు ఉన్నాయన్న రిజల్యూషన్ రెండోది, రంగులను ఏ మూల రంగుల లెక్కన నమోదు చేయాలో చెప్పే కలర్ మోడ్ మూడోది. బ్రష్ కదులుతూనే ఉంటుంది, గీత మాత్రం పడదు. తెర మీద నున్నగా ఉన్న బొమ్మ అచ్చులో గరుకుగా వస్తుంది. కళ్లు చెదిరేలా ఉన్న నీలం కాగితం మీదికి వచ్చేసరికి వెలవెలబోతుంది. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని దాన్ని తీసేసి మళ్లీ ఎక్కించడం, కనిపించిన సెట్టింగునల్లా మార్చి చూడటం చాలామంది చేసే పని. దానివల్ల చిక్కు విడిపోవడం అరుదు, కొత్త చిక్కులు చేరడం తరచు. నిజానికి ఇలాంటి సందర్భాల్లో సాఫ్ట్‌వేర్ తనకు అందిన ఆదేశాన్నే పాటిస్తూ ఉంటుంది. ఆ ఆదేశం ఏ మూలన నమోదై ఉందో బొమ్మ గీసేవారికి కనిపించకపోవడమే అసలు సంగతి.

అయితే ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. లేయర్ల చిక్కుల్లో బొమ్మ సమాచారం దాదాపు ఎప్పుడూ పోదు. ఎక్కడో దాగి ఉండి, సరైన మీట నొక్కగానే తిరిగి కనిపిస్తుంది. రిజల్యూషన్, కలర్ మోడ్ మార్పుల సంగతి వేరు. పిక్సెళ్ల సంఖ్యను తగ్గించి, సేవ్ చేసి, ఫైలు మూసేస్తే ఆ పిక్సెళ్లు ఇక లేవు. తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతి అయిన ఆర్‌జీబీ నుంచి, అచ్చు వాడే నాలుగు సిరాల పద్ధతి అయిన సీఎంవైకేకు మార్చినప్పుడు అణిగిపోయిన రంగులు, మళ్లీ ఆర్‌జీబీకి మార్చినంత మాత్రాన లేచి రావు. అందువల్ల ఇబ్బంది ఎదురైన వెంటనే తేల్చుకోవలసింది, సమాచారం దాగి ఉందా లేక పోయిందా అన్నదే. దాగి ఉంటే నింపాదిగా వెతకవచ్చు. పోయిందనిపిస్తే మరో గీత గీయకుండా, సేవ్ నొక్కకుండా ఆగి, అన్‌డూ జాబితాలోనో పాత ప్రతిలోనో వెతకాలి. అన్‌డూ జాబితాకు ఒక హద్దు ఉంటుంది. అది నిండిన తర్వాత చేసే ప్రతి పనీ పాత మెట్టు ఒకదాన్ని బయటకు నెట్టేస్తుంది.

ఫొటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది, దానిలో లేయర్లు లేవు. 1994లో వచ్చిన 3.0 వెర్షన్‌తో అవి ప్రవేశించాయి. ఆ తర్వాత వచ్చిన క్రిటా, జింప్, క్లిప్ స్టూడియో పెయింట్, ప్రొక్రియేట్ వంటి సాఫ్ట్‌వేర్లన్నీ అదే అమరికను కొద్దిపాటి తేడాలతో అనుసరించాయి. ఒక సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకున్న నిర్ధారణ పద్ధతి మరొకదానిలోనూ పనికొచ్చేది ఇందువల్లే. ఆ కొద్దిపాటి తేడాలే చిక్కులు తెచ్చిపెట్టేదీ ఇందువల్లే.

గీత పడకపోవడానికి కారణాలు డజనుకు పైగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం కంటే, కారణాల గుంపును సగానికి విడగొట్టే పరీక్ష ఒకటి ముందు చేయడం మేలు. అన్నిటికన్నా పైన, ఏ గ్రూపులోనూ (లేయర్ల కట్టలోనూ) చేరకుండా ఒక కొత్త లేయరు సృష్టించి, బ్లెండ్ మోడ్ (కింది లేయర్లతో రంగు కలిసే తీరు) నార్మల్‌గానూ ఓపాసిటీ (రంగు దట్టదనం) 100 శాతంగానూ ఉంచి, కింది బొమ్మకు భిన్నంగా కనిపించే ముదురు రంగుతో గీయాలి. గీత పడిందంటే లోపం పాత లేయరులో ఉంది. పడలేదంటే లోపం లేయర్లకు బయట, అంటే సెలెక్షన్‌లోనో (పని చేయడానికి గుర్తించిన ప్రాంతంలోనో) బ్రష్‌లోనో ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అంతకుముందు ఎంచుకున్న లేయరు ఏదైనా గ్రూపులో ఉంటే కొత్త లేయరు కూడా ఆ గ్రూపులోనే పుడుతుంది. గ్రూపు కనిపించకుండా ఆపి ఉంటే దానిలోని కొత్త లేయరూ కనిపించదు కనుక, దాన్ని బయటకు లాగి పైన పెట్టిన తర్వాతే పరీక్ష చెల్లుతుంది.

లోపం లేయర్లకు బయట ఉందని తేలితే మొదటి అనుమానం మిగిలిపోయిన సెలెక్షన్ మీద ఉండాలి. సెలెక్షన్ అమల్లో ఉన్నంతసేపూ బ్రష్ దాని లోపలే పనిచేస్తుంది. బొమ్మను దగ్గరికి జూమ్ చేసినప్పుడు సెలెక్షన్ అంచు తెరకు అవతల ఉండిపోవచ్చు. అనుకోకుండా నాలుగైదు పిక్సెళ్లంత చిన్న సెలెక్షన్ ఏర్పడి ఉండవచ్చు. కదిలే చుక్కల గీతను చూపకుండా ఆపేసి ఉండవచ్చు. ఫొటోషాప్‌లో కంట్రోల్, డి కీలను కలిపి నొక్కితే సెలెక్షన్ పోతుంది. రెండో అనుమానం బ్రష్ స్థితి మీద. క్రిటాలో ఏ బ్రష్‌నైనా చెరిపే స్థితికి మార్చే మీట ఒకటి ఉంది, కీబోర్డు మీద ఇంగ్లిష్ ఇ అక్షరం నొక్కితే అది పనిచేస్తుంది. చేయి తగిలి అది ఆన్ అయితే, ఖాళీ లేయరు మీద ఎంత గీసినా ఏమీ పడదు, ఎందుకంటే అక్కడ చెరపడానికి ఏమీ లేదు. ఫొటోషాప్‌లో గీసినదల్లా పలచని ఎరుపుగా పడుతుంటే అది క్విక్ మాస్క్ స్థితి. అక్కడ వేస్తున్నది రంగు కాదు, సెలెక్షన్.

లోపం పాత లేయరులోనే ఉందని తేలితే దాని మీద ఉన్న ఆంక్షలు చూడాలి. పూర్తి తాళం ఉంటే సాఫ్ట్‌వేర్ సాధారణంగా హెచ్చరిస్తుంది కనుక అది పెద్ద సమస్య కాదు. ఆల్ఫా లాక్, క్లిప్పింగ్ మాస్క్ అలా కాదు, అవి ఏ హెచ్చరికా ఇవ్వవు. ఆల్ఫా లాక్ ఉన్న లేయరులో ఇదివరకే రంగు ఉన్న పిక్సెళ్ల మీద మాత్రమే బ్రష్ పడుతుంది, పారదర్శకంగా ఉన్న చోట పడదు. క్లిప్పింగ్ ఉన్నప్పుడు గీత నిజంగానే పడుతుంది కానీ కింది లేయరులో రంగు ఉన్నంత మేరకే కనిపిస్తుంది. ఈ రెండింటి లక్షణం బయటికి ఒకేలా ఉన్నా లోపల జరిగేది వేరు. క్లిప్పింగ్ తీసేస్తే అంతవరకు కనబడని గీతలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. ఆల్ఫా లాక్ తీసేస్తే ఏమీ బయటపడదు, ఎందుకంటే ఆ గీతలు అసలు నమోదే కాలేదు. జింప్‌లో దీనికి తోడు మరొక ప్రత్యేకత ఉంది. అక్కడ ప్రతి లేయరుకూ తనదైన హద్దు ఉంటుంది, అది కాన్వాస్ కంటే చిన్నది కావచ్చు. ఆ హద్దు దాటాక బ్రష్ ఆగిపోతే, లేయరును ఇమేజ్ పరిమాణానికి పెంచే ఆదేశం లేయర్ మెనూలో ఉంది.

లేయరులో కొంత భాగాన్ని చెరపకుండానే దాచే లేయర్ మాస్క్ వల్ల వచ్చే తికమక మరింత సూక్ష్మమైనది. లేయరు జాబితాలో బొమ్మ నమూనా, దాని పక్కన మాస్క్ నమూనా ఉంటాయి. మాస్క్ ఎంపికై ఉన్నప్పుడు నలుపుతో గీస్తే బొమ్మ మాయమవుతుంది, తెలుపుతో గీస్తే తిరిగి వస్తుంది, ఏ రంగు ఎంచుకున్నా బూడిద రంగుగా మారిపోతుంది. మాస్క్‌లో వెలుగు నీడల విలువలే తప్ప రంగులు ఉండవు కనుక ఇది సహజమే. బొమ్మ నమూనా మీద ఒక్కసారి నొక్కితే సమస్య తీరుతుంది. బ్లెండ్ మోడ్‌లలో కూడా ఇలాంటి సహజమైన తికమకలే ఉన్నాయి. మల్టిప్లై మోడ్ రెండు లేయర్ల విలువలను 0 నుంచి 1 వరకు ఉన్న సంఖ్యలుగా తీసుకుని గుణిస్తుంది. తెలుపు విలువ 1. ఒకటితో గుణిస్తే ఏదీ మారదు కనుక మల్టిప్లై లేయరు మీద తెల్ల రంగు ఎప్పటికీ కనిపించదు. స్క్రీన్ మోడ్‌లో నలుపుకు ఇదే గతి. తెల్ల కాగితం మీది గీతలను స్కాన్ చేసి, ఆ లేయరును మల్టిప్లైలో పెట్టి, కింద రంగులు నింపే పద్ధతి పనిచేసేది సరిగ్గా ఈ గుణం వల్లనే.

గ్రూపుల దగ్గర సాఫ్ట్‌వేర్ల మధ్య తేడా బయటపడుతుంది. ఫొటోషాప్‌లో కొత్త గ్రూపు పాస్ త్రూ అనే స్థితిలో పుడుతుంది. అంటే గ్రూపులోని మల్టిప్లై లేయరు, గ్రూపుకు కింద ఉన్న లేయర్ల మీద కూడా ప్రభావం చూపుతుంది. క్రిటాలో గ్రూపు మామూలు స్థితిలో పుడుతుంది, దానిలోని లేయర్లు ముందుగా తమలో తాము కలిసిపోయి ఒకే బొమ్మగా మారి ఆ తర్వాత కింది వాటితో కలుస్తాయి. నీడల లేయరును గ్రూపులోకి లాగగానే నీడ మొత్తం మారిపోయిందంటే చూడవలసింది ఈ స్థితినే.

నింపిన రంగుకూ గీతకూ మధ్య సన్నని తెల్ల అంచు మిగిలిపోవడం లేయర్లకూ రిజల్యూషన్‌కూ నడుమ ఉన్న చిక్కు. గీత అంచు నున్నగా కనిపించడం కోసం సాఫ్ట్‌వేర్ అక్కడ సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్లను ఉంచుతుంది. రంగు నింపే బకెట్ పనిముట్టు వాటిని గీతలో భాగంగా లెక్కించి వాటి దగ్గరే ఆగిపోతుంది. రంగును గీతల లేయరు మీద కాకుండా కింద వేరే లేయరు మీద నింపి, నింపే ప్రాంతాన్ని ఒకటి రెండు పిక్సెళ్ల మేర విస్తరించమని చెబితే ఆ అంచు గీత కిందికి చేరి కనుమరుగవుతుంది. తెల్ల అంచులను చేత్తో ఒక్కొక్కటిగా పూడ్చడం శ్రమ తప్ప పరిష్కారం కాదు.

రిజల్యూషన్ విషయంలో ఒక్క సూత్రం స్థిరపడితే సగం అయోమయం తొలగిపోతుంది. ఫైలులో నిజంగా ఉన్నవి పిక్సెళ్లే; అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే పీపీఐ సంఖ్య, లేదా వాడుకలో డీపీఐ అని పిలిచే అదే సంఖ్య, అచ్చు వేసేటప్పుడు వాటిని ఎంత దగ్గరగా పేర్చాలో తెలిపే సూచన మాత్రమే. అడ్డంగా 3000 పిక్సెళ్లున్న బొమ్మ మీద 300 అని రాసి ఉంటే అది 10 అంగుళాల వెడల్పున అచ్చవుతుంది. 72 అని రాసి ఉంటే దాదాపు 41.7 అంగుళాలవుతుంది. తెర మీద మాత్రం రెండూ ఒకే బొమ్మ, అణువంత తేడా ఉండదు. కాబట్టి 72 పీపీఐ ఫైలును చూసి నాణ్యత లేదని తీర్మానించడమూ, 300 అని రాసి ఉంది కనుక నాణ్యమైనదని నమ్మడమూ రెండూ తప్పే. ఏ4 కాగితానికి 300 పీపీఐ కావాలంటే 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి. అదే కాగితం 72 పీపీఐ దగ్గర 595 × 842 పిక్సెళ్లే. చూడవలసినది ఈ సంఖ్యలను.

చిన్నగా మొదలుపెట్టిన బొమ్మను చివర్లో పెంచి అచ్చుకు పంపడం విఫలమయ్యేది ఇక్కడే. పొడవునూ వెడల్పునూ రెండింతలు చేస్తే పిక్సెళ్లు నాలుగింతలవుతాయి. ఆ నాలుగింటిలో మూడు, ఉన్నవాటిని బట్టి సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి చేర్చినవి. బైక్యూబిక్ పద్ధతి ఆ లెక్కను మెత్తగా చేస్తుంది కనుక రంగుల బొమ్మలకు నప్పుతుంది, అంచులు మాత్రం కాస్త మసకబారతాయి. నియరెస్ట్ నైబర్ పద్ధతి పక్క పిక్సెల్‌ను యథాతథంగా నకలు చేస్తుంది. ఒక్కో పిక్సెల్ విడిగా కనిపించేలా గీసే పిక్సెల్ ఆర్ట్‌ను రెండింతలు, మూడింతలు వంటి పూర్ణ సంఖ్యల్లో పెంచడానికి అదే సరైనది, మామూలు బొమ్మల్లో మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. లేని వివరాన్ని మాత్రం ఏ పద్ధతీ సృష్టించలేదు. కాన్వాస్ పరిమాణాన్ని అచ్చు కొలతను బట్టి మొదటి గీతకు ముందే నిర్ణయించుకోవాలన్నది ఇందుకే.

అలాగని అవసరానికి మించి పెంచడమూ మంచిది కాదు. ఏ4 కాగితానికి 300 పీపీఐ దగ్గర దాదాపు 87 లక్షల పిక్సెళ్లుంటాయి. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత కలిపి నాలుగు బైట్లు పడతాయి కనుక, నిండుగా రంగున్న ఒక్క లేయరుకు దాదాపు 33 మెగాబైట్ల మెమరీ కావాలి. 600 పీపీఐకి వెళ్తే అది నాలుగింతలు. చానెల్‌కు, అంటే వీటిలో ఒక్కోదానికి, 8 బిట్ల బదులు 16 బిట్లు ఎంచుకుంటే మళ్లీ రెండింతలు. బ్రష్ వెనకబడి కదలడానికీ, ప్రొక్రియేట్ కాన్వాస్ పెరిగేకొద్దీ తక్కువ లేయర్లనే అనుమతించడానికీ కారణం ఈ గుణకారమే. రంగుల బొమ్మలకు సాధారణంగా 300 చాలు. నలుపు తెలుపు మాత్రమే ఉండి బూడిద ఛాయలు లేని గీతల బొమ్మలకు 600 గానీ అంతకంటే ఎక్కువ గానీ కావాలి, ఎందుకంటే వాటిలో అంచును నున్నగా చూపే నడిమి ఛాయలు ఉండవు. దూరం నుంచి చూసే పెద్ద బ్యానర్లకు 100, 150 కూడా సరిపోతుంది.

తెలియకుండా నాణ్యత తగ్గే మరో దారి, పిక్సెళ్లతో ఏర్పడిన రాస్టర్ లేయరును పదేపదే తిప్పడం, కుదించడం, పెంచడం. ఓకే నొక్కిన ప్రతిసారీ పిక్సెళ్లను కొత్తగా లెక్కగడతారు, ప్రతిసారీ కొంత వివరం కరిగిపోతుంది. 90 డిగ్రీల చొప్పున తిప్పడం మాత్రం దీనికి మినహాయింపు, ఎందుకంటే అక్కడ పిక్సెళ్ల స్థానాలు మారతాయి తప్ప విలువలు మారవు. జరపడం, తిప్పడం, పెంచడం అన్నీ ఒకే విడతలో ముగించి ఒకేసారి ఓకే చేయడం కనీస జాగ్రత్త. ఫొటోషాప్‌లోని స్మార్ట్ ఆబ్జెక్ట్, క్రిటాలోని ట్రాన్స్‌ఫార్మ్ మాస్క్ అసలు పిక్సెళ్లను అలాగే ఉంచి, మార్పును పైపైన చూపిస్తాయి. పోవలసిన సమాచారాన్ని దాగిన సమాచారంగా మార్చే ఏర్పాట్లు ఇవి, వీటిని అలవాటు చేసుకోవడం ఎంతో విలువైనది. ఇక 33, 66 వంటి జూమ్ శాతాల దగ్గర గీతలు రంపపు పళ్లలా కనిపించడం చాలావరకు ప్రదర్శనకు సంబంధించినదే. 100 శాతం దగ్గర చూసి నిర్ణయించాలి.

రంగుల చిక్కుల్లో తేలికైనదాన్ని ముందుగా చెప్పుకోవచ్చు. ఏ రంగు ఎంచుకున్నా బూడిదగానే పడుతుంటే డాక్యుమెంట్ గ్రేస్కేల్ మోడ్‌లో ఉందా, మాస్క్ ఎంపికై ఉందా అని చూడాలి. క్లిప్ స్టూడియో పెయింట్‌లో ఎక్స్‌ప్రెషన్ కలర్ అనే గుణం ప్రతి లేయరుకూ విడిగా ఉంటుంది. ఒక లేయరు రంగుల్లోనూ పక్క లేయరు గ్రేలోనూ ఉండవచ్చు. రంగుల లేయరును గ్రేకు మార్చినప్పుడు అది మొదట నమూనాగానే కనిపిస్తుంది, తిరిగి రంగుకు మార్చితే రంగులు వస్తాయి. ఆ నమూనాను ఖరారు చేసే మీట నొక్కాక మాత్రం రావు. జిఫ్ ఫైలును జింప్‌లో తెరిచి గీస్తే రంగులు వింతగా పడటానికి కారణం ఇండెక్స్‌డ్ మోడ్. ఆ మోడ్‌లో బొమ్మకు గరిష్ఠంగా 256 రంగుల పట్టిక ఒకటి ఉంటుంది, ఎంచుకున్న రంగు ఆ పట్టికలో లేకపోతే దానికి దగ్గరిది పడుతుంది. ఆర్‌జీబీకి మార్చితే సరిపోతుంది.

అసలు లోతు ప్రొఫైల్ దగ్గర ఉంది. ఎరుపు 200, ఆకుపచ్చ 40, నీలం 60 అన్న సంఖ్యలు తమంతట తాము ఏ రంగునూ చెప్పవు. ఏ ప్రొఫైల్ ప్రకారం చదవాలో తెలిసినప్పుడే వాటికి అర్థం ఏర్పడుతుంది. ఈ ప్రొఫైళ్లకు ఉమ్మడి ప్రమాణం రూపొందించడానికి అంతర్జాతీయ కలర్ కన్సార్షియం 1993లో ఏర్పడింది. హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రొఫైల్ 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది, వెబ్ అంతా ఇప్పటికీ ప్రధానంగా దాన్నే అనుసరిస్తోంది. అడోబీ ఆర్‌జీబీ, డిస్‌ప్లే పీ3 అంతకంటే విశాలమైనవి, అంటే ఎక్కువ రంగులను పట్టగలిగే ప్రొఫైళ్లు. విశాలమైన ప్రొఫైల్‌లో గీసిన బొమ్మను ప్రొఫైల్ జతచేయకుండా వెబ్‌లో పెడితే, అవే సంఖ్యలను ఎస్‌ఆర్‌జీబీగా చదవడం వల్ల రంగులు చప్పబడతాయి. ఎగుమతి చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, ప్రొఫైల్‌ను జతచేయడం దీనికి విరుగుడు.

ఈ మార్చడంలోనే పెద్ద పొరపాటుకు చోటుంది. ప్రొఫైల్‌ను అసైన్ చేయడం, కన్వర్ట్ చేయడం మెనూలో పక్కపక్కనే ఉంటాయి కానీ పరస్పరం విరుద్ధమైన పనులు. అసైన్ చేస్తే సంఖ్యలు అలాగే ఉండి, కనిపించే రంగు మారుతుంది. కన్వర్ట్ చేస్తే కనిపించే రంగు వీలైనంత వరకు అలాగే ఉండి, సంఖ్యలు మారతాయి. ప్రొఫైల్ లేకుండా వచ్చిన ఫైలుకు, అది దేనిలో తయారైందో తెలిసినప్పుడు అసైన్ వాడాలి. మిగతా దాదాపు అన్ని సందర్భాల్లో కావలసింది కన్వర్ట్.

తెర వెలుతురును వెదజల్లుతుంది, కాగితం మీది సిరా వెలుతురును పీల్చుకుంటుంది. అందువల్ల ఆర్‌జీబీలోని మెరిసే నీలాలు, లేత నియాన్ ఆకుపచ్చలు, ధగధగలాడే ఊదాలు సీఎంవైకే పరిధిలో లేవు. కన్వర్ట్ చేసినప్పుడు వాటిని దగ్గర్లోని రంగులకు లాగేస్తారు, దూరంగా ఉన్న రెండు ఛాయలు ఒకటైపోవచ్చు కూడా. ఒకటైన వాటిని మళ్లీ విడదీసే దారి లేదు. అందుకని అసలు ప్రతిని ఆర్‌జీబీలోనే ఉంచి, అచ్చు కోసం వేరే ప్రతిని సీఎంవైకేకు మార్చడం క్షేమం. మధ్యలో రంగులు ఎలా వస్తాయో చూడటానికి సాఫ్ట్ ప్రూఫింగ్ ఉంది. ఫొటోషాప్‌లోనూ క్రిటాలోనూ కంట్రోల్, వై కీలు దాన్ని చూపిస్తాయి, షిఫ్ట్ కూడా కలిపితే పరిధి దాటిన రంగులు గుర్తుపట్టేలా కనిపిస్తాయి. ఇది చూపు మాత్రమే, ఫైలును తాకదు. క్లిప్ స్టూడియో పెయింట్ లోపల ఆర్‌జీబీలోనే పనిచేస్తూ, సీఎంవైకేను ప్రివ్యూలోనూ ఎగుమతిలోనూ ఇస్తుంది. సీఎంవైకేలో లేయర్లు కలిసే లెక్క కూడా మారుతుంది కనుక, మల్టిప్లై, స్క్రీన్ వంటి మోడ్‌లు ఉన్న ఫైలును లేయర్లతో సహా మార్చితే నీడలు, వెలుగులు అంతకుముందున్నట్టు ఉండవు. మార్చే ప్రతిలో ముందుగా లేయర్లను కలిపేయడం ఇక్కడ సరైన క్రమం.

నలుపును గురించి విడిగా చెప్పక తప్పదు. ఆర్‌జీబీలోని శుద్ధ నలుపును అచ్చు కోసం వాడే స్వాప్ వెర్షన్ 2 ప్రొఫైల్‌తో ఫొటోషాప్‌లో మార్చితే అది సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 శాతాలుగా విడిపోతుంది, మొత్తం 300 శాతం సిరా. పెద్ద నల్లటి ప్రాంతానికి అది నిండుదనాన్ని ఇస్తుంది. సన్నని గీతలు, అక్షరాలు మాత్రం నాలుగు సిరాలతో అచ్చయితే, ఒక్కో సిరాకు ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అంచుల్లో రంగు చారలు బయటపడతాయి. వాటిని నల్ల సిరా 100 శాతంతోనే ఉంచాలి. ఏ ప్రొఫైల్ వాడాలో, మొత్తం సిరా ఎంత మించకూడదో ప్రెస్సువారిని అడిగి తెలుసుకోవడం ఊహించడం కంటే ఎప్పుడూ ఉత్తమం.

ఆకాశం వంటి మెల్లగా మారే రంగుల్లో పట్టీలు కనిపించడం బిట్ల సంగతి. 8 బిట్ల చానెల్‌లో 256 మెట్లే ఉంటాయి, వాటిని విశాలమైన ప్రాంతంలో పరిస్తే మెట్టు మెట్టూ కంటికి తెలుస్తుంది. 16 బిట్లలో మొదలుపెడితే ఇది చాలావరకు రాదు. పట్టీలు వచ్చాక 16కు మార్చినా అవి పోవు. కొద్దిగా నాయిస్ (చెదురుమదురు చుక్కలు) కలిపితే కంటికి తగ్గుతాయి.

పని పూర్తయ్యాక ఎంచుకునే ఫైలు రూపం కూడా ఈ మూడింటినీ ప్రభావితం చేస్తుంది. జేపెగ్ లేయర్లనూ పారదర్శకతనూ నిలపదు, రంగుల వివరాన్ని వెలుగు వివరం కంటే ఎక్కువగా కుదిస్తుంది. తెల్ల నేల మీద ఎర్ర గీతల చుట్టూ మసక ఏర్పడేది అందుకే. పీఎన్‌జీ పారదర్శకతను నిలుపుతుంది కానీ సీఎంవైకేను భరించదు. ఫొటోషాప్ సొంత ఫైలు రూపమైన పీఎస్‌డీ లేయర్లను మోసుకెళ్తుంది, అయితే ఒక సాఫ్ట్‌వేర్‌లోని బ్లెండ్ మోడ్ మరొకదానిలో లేకపోతే దాన్ని వేరేదిగా చదువుతారు, బొమ్మ కొద్దిగా మారుతుంది, ఆ మార్పు కంటికి వెంటనే దొరకదు. దీన్ని పట్టుకోవడానికి, పీఎస్‌డీతో పాటు అదే బొమ్మను లేయర్లన్నీ కలిపి, అదే ప్రొఫైల్‌తో పీఎన్‌జీగా కూడా పంపాలి. అవతలి సాఫ్ట్‌వేర్‌లో పీఎస్‌డీని తెరిచి, ఆ పీఎన్‌జీని అన్నిటికన్నా పై లేయరుగా పెట్టి, దాని బ్లెండ్ మోడ్‌ను, విలువల మధ్య తేడాను చూపే డిఫరెన్స్‌కు మార్చాలి. రెండూ ఒకటే అయితే కాన్వాస్ అంతా నల్లగా ఉంటుంది. నలుపు కాని చోటు ఎక్కడైనా కనిపిస్తే, ఆ ప్రాంతంలో ఉన్న లేయర్లను ఒక్కొక్కటిగా ఆపి చూస్తూ పోతే, దారిలో మారిపోయిన లేయరు ఏదో తేలిపోతుంది.